మార్బుల్ కట్టర్‌ను తిరగేస్తే బల్ల రంపం కాదు

సంపాదకులు గారికి,

చేతివృత్తులవారి కోసం కేంద్రం తెచ్చిన పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం ఇస్తారు. 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల అప్పు, 18 నెలల గడువు. అది తీర్చినవారికి రెండో విడత రెండు లక్షలు. పథకం మంచిదే. విజయవాడ, తాడేపల్లి, మంగళగిరి, గుంటూరు వరసలో ఇళ్ల పనులకు కొదవ లేదు కాబట్టి కొత్తగా షెడ్డు పెట్టే కుర్రాళ్లకు ఇది ఆసరా. కానీ ఆ డబ్బు ముందుగా దేనికి పోతోందో చూస్తే గుబులుగా ఉంటోంది. అందుకే ఈ ఉత్తరం.

ఏ అపార్ట్‌మెంటు సైటుకైనా వెళ్లి చూడండి. ఒక ప్లైవుడ్ ముక్కకు సన్నటి చీలిక కోసి, దాని కింద నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌ను, అంటే రాయి కోసే చేతి మిషన్‌ను, తలకిందులుగా స్క్రూలతో బిగిస్తారు. పైకి పొడుచుకొచ్చిన పళ్ల బ్లేడు మీద చెక్క తోస్తారు. కట్టర్ స్విచ్చి బొత్తాంతో లాక్ చేసేసి, ఆన్ చేసినా ఆఫ్ చేసినా గోడ ప్లగ్గు దగ్గరే. రెండు మూడు వేలల్లో బల్ల రంపం తయారైందని సంబరం. వేళ్లు పోయేది ఈ బల్ల మీదే.

ఎందుకో చెబుతాం. మార్బుల్ కట్టర్ వజ్రపు పొడి అంచున్న బ్లేడు కోసం తయారైన మిషన్. ఆ బ్లేడుకు రంపం పళ్లుండవు. రాయిని కొరకదు, అరగదీస్తుంది. అందుకే దానికి పైన సగం మూత పెట్టి వదిలేశారు. అదే ఇరుసుకు చెక్క కోసే పళ్ల బ్లేడు ఎక్కించగానే లెక్క మారిపోతుంది. బల్ల మీద కోసేటప్పుడు బ్లేడు ముందువైపు పళ్లు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదుముతాయి. వెనకవైపు పళ్లు అదే వేగంతో పైకి లేస్తుంటాయి. కోత గాడి కాస్త ముడుచుకున్నా, చెక్క తాను ఆనుకునే గైడు పట్టీ నుంచి వెంట్రుకవాసి పక్కకు ఒరిగినా ఆ లేచే పళ్లు దాన్ని పట్టుకుని కోసేవాడి పొట్ట మీదికి విసిరికొడతాయి. దీన్నే మేం వెనక్కి తన్నడం అంటాం. ఎగిరొచ్చే చెక్క తగిలితే దెబ్బ తగులుతుంది, నిజమే. అంతకన్నా ఘోరం, దాన్ని తోస్తున్న చెయ్యి ఆధారం తప్పి బ్లేడు మీదికి జారడం. రెప్పపాటు కూడా పట్టదు, చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఎవరికీ దొరకదు.

గాడి ఎందుకు ముడుచుకుంటుందంటే కలప లోపల బిగువు ఉంటుంది. టేకు గానీ వేప గానీ నిలువునా కోస్తుంటే రెండు బద్దలూ విచ్చుకోవచ్చు, దగ్గరకు రావచ్చు. సరిగా ఆరని కలపైతే మరీనూ. ఎంత అనుభవమున్న మేస్త్రి అయినా ముందే కనిపెట్టలేడు.

ఇక వేగం. మార్బుల్ కట్టర్ సాధారణంగా నిమిషానికి 12,000 చుట్లు, ఆ పైన తిరుగుతుంది. 110 మి.మీ. బ్లేడు అంచు ఆ లెక్కన సెకనుకు దాదాపు 70 మీటర్లు పోతుంది. సరైన పది అంగుళాల బల్ల రంపం నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే అంచు వేగం 53 మీటర్లే. ఈ కట్టర్ కోత లోతు 30, 35 మి.మీ. మించదు. అందులో పైనున్న 12 మి.మీ. ప్లైవుడ్ మందం పోతే మిగిలేది ఇరవై పైచిలుకు. లోతు చాలక మూత పీకేసి ఐదంగుళాల బ్లేడు దూరుస్తారు. అప్పుడు అంచు వేగం 80కి చేరువవుతుంది. బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. అది మిషన్ వేగం కన్నా తక్కువైతే టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్లు ఊడి ఎగరవచ్చు. అచ్చే లేని బ్లేడు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు.

మరో సంగతి చాలామందికి తట్టదు. కట్టర్‌ను తిరగేసినప్పుడు చెక్కను ఏ వైపు నుంచి తోయాలో మారిపోతుంది. పళ్లు మన వైపు నుంచి కిందికి దిగాలి. అటువైపు నుంచి తోస్తే బ్లేడే చెక్కను లాగేసుకుంటుంది, దాంతోపాటు వేళ్లను కూడా. పైగా లాక్ చేసిన స్విచ్చి. కరెంటు పోయిందని ఒకడు బల్ల మీది పొట్టు చేత్తో తుడుస్తుంటాడు, అదే క్షణంలో కరెంటు వస్తుంది. ఎండాకాలం కోతలు ఎలా ఉంటాయో మన ఊళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అయితే ఏం కొనాలి? షీటు పనే ఎక్కువుంటే 7 అంగుళాల చేతి సర్క్యులర్ సా కొనండి. దాని కింది మూతకు స్ప్రింగు ఉంటుంది, చెక్క నుంచి బయటికి రాగానే బ్లేడును కప్పేస్తుంది. మార్బుల్ కట్టర్‌లో లేనిది ఇదే. 8 అడుగుల షీటును నేల మీద నాలుగు బద్దలపై పరవాలి. కోత గీతకు అటు రెండు, ఇటు రెండు ఉంటే కోశాక ఏ ముక్కా వంగి బ్లేడును నొక్కదు. రెండే బద్దలు అటూ ఇటూ చివర పెడితే షీటు మధ్యలో కుంగి గాడి మూసుకుంటుంది, మిషన్ మీ మీదికి ఎగురుతుంది. నిటారైన అల్యూమినియం పట్టీని రెండు క్లాంపులతో బిగించి, మిషన్ అడుగు రేకును దానికి ఆనించి నడపండి. బ్లేడు నుంచి రేకు అంచుకు ఎంత దూరమో టేపుతో కొలవడం కన్నా వృథా ముక్క మీద ఒక కోత కోసి ఆ కొలతను మిషన్ మీదే రాసుకోవడం మేలు. పళ్లు చెక్క అడుగు నుంచి 5, 6 మి.మీ. బయటికి వస్తే చాలు. ఈ మిషన్ పళ్లు కింది నుంచి పైకి కోస్తాయి కాబట్టి పై ముఖం పెచ్చులు లేస్తుంది, అందువల్ల మంచి ముఖం నేల వైపు ఉండాలి. బల్ల రంపానికి ఇది తలకిందులు, మంచి ముఖం పైకి పెట్టాలి. నిలువు కోతకు 24 పళ్లు, మామూలు వాడకానికి 40, ప్లైవుడ్‌కు, లామినేట్‌కు 60. కోత మాడుతుంటే పదును పోయిందని తీర్పు చెప్పేయకండి. సగం సార్లు పళ్లకు జిగురు పట్టి ఉంటుంది. బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో పావుగంట నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమి, పొడిగా తుడిచి నూనె చెయ్యి రాస్తే కొత్త బ్లేడు ఖర్చు తప్పుతుంది.

ద్వారబంధాలు, కిటికీ చట్రాలు చేసేవారికి బల్ల రంపం తప్పదు. విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగు, లేతు పనివాళ్లకు లోటు లేదు, చేయించుకోవచ్చు. కానీ మోటారు ఎన్ని హార్స్‌పవర్, బల్ల రేకు మందం ఎంత, ఈ రెండూ అడిగి బేరం తెగ్గొట్టేస్తున్నారు. ముందు అడగాల్సింది బ్లేడు వెనక నిలబడే ఇనుప రెక్క గురించి. కోసిన రెండు బద్దలూ మళ్లీ కలుసుకోకుండా, వెనక పళ్లకు తగలకుండా అడ్డుపడేది అదొక్కటే. బ్లేడు ఒంటి మందం 1.8 మి.మీ., పళ్ల కోత, అంటే పళ్లు తీసే గాడి వెడల్పు, 2.8 మి.మీ. అయితే రెక్క 2.2 నుంచి 2.5 మి.మీ. మధ్య ఉండాలి. పళ్ల కోత కన్నా మందమైతే చెక్క దాని దగ్గరే ఆగిపోతుంది. బ్లేడు ఒంటి కన్నా పల్చనైతే ఉండీ లేనట్టే. పళ్ల నుంచి రెక్క 3 నుంచి 8 మి.మీ. దూరంలో ఉండాలి, ఎత్తు బ్లేడు కొన కన్నా రవంత తక్కువ. దాన్ని బల్లకు కాకుండా బ్లేడు ఇరుసు మోసే దిమ్మెకే బిగించమనండి. బల్లకు బిగిస్తే బ్లేడును కిందికి దించినప్పుడు మధ్యలో ఖాళీ పెరిగిపోతుంది, ఆ ఖాళీలో చెక్క ముడుచుకుంటుంది. ఇంత చెప్పినా కొందరు చేతివాళ్లు అడ్డంగా ఉందని రెండో రోజే ఊడదీసి మూలన పడేస్తారు. దానికి మా దగ్గర మందు లేదు.

పుల్లీల లెక్క నోటితోనే చేసుకోవచ్చు. 2,880 చుట్ల మోటారుకు 100 మి.మీ. పుల్లీ, ఇరుసుకు 70 మి.మీ. పుల్లీ వేస్తే ఇరుసు దాదాపు 4,100 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల బ్లేడుకు అది సరిపోతుంది. 1,440 చుట్ల మోటారు చవగ్గా దొరికిందని అదే జత పుల్లీలు వేస్తే వేగం సగమై చెక్క మాడుతుంది, తోసేవాడు బలం పెంచుతాడు, చెయ్యి జారుతుంది. స్విచ్చికి బదులు నో వోల్ట్ కాయిలున్న స్టార్టర్ పెట్టించండి. కరెంటు పోతే అది పడిపోతుంది, తిరిగొచ్చినా మనం పచ్చ బొత్తాం నొక్కేదాకా మోటారు తిరగదు. ఎర్ర బొత్తాం మోకాలికి అందేంత కిందికి ఉండాలి, రెండు చేతులూ చెక్క మీద ఉన్నప్పుడు ఆపగలగాలి.

వైరు సంగతి ఎవరూ పట్టించుకోరు. 2 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు మొదలయ్యే క్షణంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది. 1 చదరపు మి.మీ. రాగి వైరు 30 మీటర్లు లాగితే రానుపోను ఒక ఓం నిరోధం. అంటే మోటారు లేచేటప్పుడు 230 వోల్టుల్లో 50 దారిలోనే పోతాయి. మిగిలిన 180తో మోటారు తిప్పే బలం అరవై శాతానికి పడిపోతుంది, మూలుగుతూ వేడెక్కి కాయిల్ కాలుతుంది. కాలాక నిందేమో కంపెనీకి! 2.5 చదరపు మి.మీ. వైరు వేస్తే ఆ నష్టం 20 వోల్టులకు తగ్గుతుంది. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చడం ఆపాలి. కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి బోర్డులో ఉండాలి. వానాకాలం తడి నేల మీద చెప్పుల్లేకుండా పనిచేసే షెడ్లకు ఇది తప్పనిసరి.

ఇక ఆ 15,000. అది మిషన్‌కు కాకుండా చేతి పనిముట్లకు వాడుకుంటే పదేళ్లు తిండి పెడుతుంది. 6, 12, 18, 25 మి.మీ. ఉలులు నాలుగు, ఇనుప చిత్రిక నాలుగో నంబరు ఒకటి, వీలైతే ఐదో నంబరు మరొకటి, మూలమట్టం, గీత గీసే గేజి, రంపాలు రెండు, క్లాంపులు ఆరు, సాన సామాను. మామూలు రకం తీసుకుంటే ఆ డబ్బులో సరిపెట్టవచ్చు. సాన సామాను చివర్న రాశాం గానీ డబ్బు ముందు దానికే తీసిపెట్టాలి. కొత్త ఉలి పెట్టెలోంచి తీయగానే కోయదు. షాపులో దొరికే రెండు ముఖాల కార్బొరండం రాయి వాలు (అంచు దగ్గరి ఏటవాలు ముఖం) తీయడానికే, దాని తర్వాతి మెట్లు కావాలి. 8 మి.మీ. గాజు పలక మీద నీటి సాండ్‌పేపర్ 400, 800, 1500, 2000 వరసగా అంటించుకుంటే ఖరీదైన రాళ్ల పని జరిగిపోతుంది.

ముందు ఉలి వీపు, అంటే వాలుకు వెనకనున్న చదును ముఖం, చూడండి. అంచు నుంచి ఒక అంగుళం మేర గాజు మీద అదిమి రుద్దితే గీతలు ఎక్కడ పడలేదో అక్కడ పల్లం ఉన్నట్టు. ఆ అంగుళం మొత్తం ఒకే మెరుపు వచ్చేదాకా వాలు జోలికి వెళ్లకండి. వీపు చదును కాకుండా వాలు ఎంత నూరినా పదును నిలవదు, ఎందుకంటే పదునంటే ఆ రెండు ముఖాలూ కలిసే గీతే. వాలు కోణానికి పరికరం అక్కర్లేదు, స్కేలు చాలు. ఉలి మందం 4 మి.మీ. అనుకోండి. వాలు పొడవు 8 మి.మీ. ఉంటే 30 డిగ్రీలు, 9.5 ఉంటే 25. టేకు చెక్కడానికి 25కు తీసి కొనను 30కి నూరుకోవాలి. తుమ్మ, నల్లమద్ది లాంటి గట్టి కలపలో సుత్తితో కొట్టే ఉలికి 35 దాకా ఉండాలి, లేకపోతే అంచు చిట్లుతుంది. వాలు నూరుతుంటే వీపు వైపు వేలితో తడిమినప్పుడు సన్నటి గరుకు అంచంతా తగలాలి. ఒక మూల తగల్లేదంటే అక్కడ ఇంకా నూరాల్సి ఉంది. తగిలాకే తర్వాతి కాగితానికి వెళ్లాలి. చివరికి తోలు పట్టీ మీద పచ్చ మైనం రాసి వెనక్కి లాగితే ఆ గరుకు రాలిపోతుంది. గోరు మీద గీకి చూడటం కన్నా మెత్తని కలప అడ్డనార (నార తెగిన కొన ముఖం) మీద చూడటం నికరమైన పరీక్ష. మొద్దు ఉలి టేకులో ఎలాగో నెట్టుకొస్తుంది గానీ, కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి మీద పెడితే కోయకుండా నలిపేస్తుంది.

బెంచ్ గ్రైండర్ మీద వాలు తీసేవారు పక్కనే నీళ్ల డబ్బా పెట్టుకోవాలి. అంచు లేత పసుపు తిరిగిందంటే ఆగమని హెచ్చరిక. నీలం తిరిగిందా, అక్కడ ఉక్కు వేడి 300 డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్లి నీరు, అంటే గట్టిదనం, పోయింది, ఆ మేర అరగదీసి పారేయాల్సిందే.

చిత్రిక పేళ్లు లేపుతోందంటే బ్లేడును నిందించే ముందు దాని మీద బిగించే పై రేకు చూడాలి. ఎదురు నార వచ్చినచోట పొర అంచు కన్నా ముందే చీలుకుంటూ లోపలికి పోతుంది. పై రేకు అంచుకు దగ్గరగా ఉంటే ఆ పొరను లేవగానే విరిచేస్తుంది. నునుపు పనికి అర మిల్లీమీటరు, మొరటు పనికి ఒకటి, ఒకటిన్నర. రెండూ కలిసేచోట వెలుతురు కనపడకూడదు, కనిపిస్తే పొట్టు అక్కడే ఇరుక్కుంటుంది. చిత్రిక అడుగుభాగానికి కాస్త కొవ్వొత్తి రుద్దితే చెయ్యి తేలికపడుతుంది.

మూలమట్టం షాపులోనే పరీక్షించి తీసుకోండి. నిటారు అంచున్న ప్లైవుడ్ ముక్కకు ఆనించి పెన్సిల్‌తో గీత గీయండి. మట్టాన్ని అటు తిప్పి అదే చోట మరో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మంచిది. పైకి వెళ్లేకొద్దీ విడిపోతే, ఆ విడిపోయినదాంట్లో సగం దాని తప్పు. రంపం పళ్లు నల్లగా లేదా నీలంగా మెరుస్తుంటే అవి గట్టిపరిచిన పళ్లు, మూడు పలకల ఆకురాయి వాటి మీద జారిపోతుంది. అరిగితే పారేయడమే. సైటు పనికి అది పర్వాలేదు, షెడ్డుకు మాత్రం పదును పెట్టుకోగల రంపం ఒకటి ఉండాలి.

పాత రంధా మిషన్లు, అంటే చిత్రిక మిషన్లు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతాయి. మూత తీయించి కత్తులు బిగించే దిమ్మె చూడండి. చదరపు దిమ్మె అయితే ఊరికే ఇచ్చినా వద్దు. దాని పలకల మధ్య ఖాళీలోకి వేలు లోతుగా పోతుంది, గుండ్రటి దిమ్మెలో అంత దిగదు. తర్వాత ప్లగ్గు పీకి, వెనక బల్ల మీద నిటారైన బద్దను ముందుకు చాచి పెట్టి దిమ్మెను చేత్తో తిప్పండి. ప్రతి కత్తీ బద్దను 3 నుంచి 5 మి.మీ. లాగాలి, రెండు చివర్లా ఒకేలా. లాగకపోతే వెనక బల్ల ఎత్తుగా ఉంది, చెక్క దానికి గుద్దుకుని ఆగుతుంది. మరీ ఎక్కువ లాగితే వెనక బల్ల పల్లంగా ఉంది, చెక్క చివర గుంట పడుతుంది. అడుగు కన్నా పొట్టి ముక్కలను ఈ మిషన్ మీదికి ఎక్కించొద్దు, వాటికి చేతి చిత్రిక ఉంది.

తిరిగే ఏ మిషన్ దగ్గరా చేతి తొడుగులు, కండువా, లుంగీ పనికిరావు. చెక్క వెడల్పు జానెడు కన్నా తగ్గితే తోసేది పుల్లతోనే. చెక్క దుమ్మును క్యాన్సర్ కారకంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 1995లోనే తేల్చింది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమిన పలక) కోసేచోట ముఖానికి రుమాలు కట్టుకుంటే లాభం లేదు, ఎన్95 మాస్కు కావాలి.

శిక్షణ తరగతులు నడిపేవారికి మా విన్నపం: మిషన్ ఆన్ చేయించే ముందు ఒక రోజంతా సాన పట్టించండి. ఇంకో పూట వెనక రెక్కను తీయించి, బిగించి, దూరం కొలిపించండి. తెగిన వేలును ఏం చేయాలో కూడా చెప్పండి. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద పెట్టి మనిషితోపాటే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వేలును నేరుగా ఐసులో పెడితే అతికే ఆశ పోతుంది.

మీకూ ఒక మనవి. జిల్లా పేజీల్లో 'రంపం మిషన్‌లో పడి చెయ్యి తెగింది' అని రెండు వాక్యాల వార్త వస్తుంటుంది. అది ఏ మిషన్, దానికి మూత ఉందా, బ్లేడు వెనక రెక్క ఉందా, స్విచ్చి లాక్ చేసి ఉందా అని మీ విలేకరులు అడిగి మూడో వాక్యంగా రాయగలిగితే, అది చదివిన పక్క షెడ్డు మేస్త్రి ఆ రోజే తన బల్ల కిందికి వంగి చూసుకుంటాడు.

ఇట్లు,
వడ్రంగం నేర్పే కొందరు మేస్త్రీలు,
విజయవాడ, గుంటూరు